యజమాని చేతికే చేపిన ఫోను

“ఇంక నీ గేదెలతోనే మాట్లాడుకో వదినా. నాతో మాట్లాడకు.”

“అవైతే నా వెనక బేరాలాడవులే సామ్రాజ్యం. పో, బండి కదులుతోంది.”

నేనూ నా ఆడపడుచూ ఆఖరిసారి అనుకున్న మాటలివి. తెనాలి స్టేషన్లో రేపల్లె బండి కిటికీ దగ్గర అది, కింద ప్లాట్‌ఫారం మీద నేను. మధ్యలో ఒకాయన నిమ్మకాయల బస్తా ఎక్కించుకుంటూ, “కాస్త పక్కకి జరిగి తిట్టుకోండమ్మా” అన్నాడు కూడా. వేసవిలో జరిగింది ఇది. ఇప్పుడు వానలు పడుతున్నాయి. ఇంతవరకు మా ఇద్దరికీ మాటల్లేవు.

పొలం గట్టు తగాదా అనుకుంటున్నారా? కాదు. నగలా? కాదు. అరచేతిలో పట్టే ఒక నల్లటి ఫోను. అది కొనొచ్చా, కొనకూడదా తేల్చమని నన్ను పిలిచారు. నేను తేల్చాను. నా మొహం, తేల్చడం కాదు, అందరినీ కలిపి ముంచాను. ఎలా ముంచానో చెబుతాను, నవ్వుకోండి. నవ్వేవాళ్ళు కాస్త నెమ్మదిగా నవ్వండి, నాకు అనుమానమెక్కువ.

రాశావా లలితా?

“రాస్తున్నాను అత్తయ్యా.”

ఆ ముక్క రాయక్కర్లేదు. సరే, రాసేస్తే ఉండనీ.

లలితంటే సామ్రాజ్యం కూతురే. బాపట్లలో పంతులమ్మగా చేస్తోంది. నిన్న మా ఇంటికొచ్చింది. నేను చెబుతుంటే అది రాస్తోంది. ఎందుకు రాయిస్తున్నానో చివర్లో చెబుతాను.

నా పేరు కోటమ్మ. తెనాలిలో పాలమ్ముకుని బతుకుతాను. చదువంటారా, నా పేరు నేను రాసుకోగలను, అదీ బ్యాంకులో వెనకవాళ్ళు తొందర పెట్టకపోతే. మేతకెళ్ళిన గేదెల్ని కేకేసి కేకేసి నా గొంతు రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు తయారైంది. నేను గుసగుసలాడితే పక్క వీధివాళ్ళు “ఏంటమ్మా, పిలిచావా?” అంటారు. ఈ గొంతు సంగతి గుర్తు పెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

మా ఆయన పశువుల దళారీ. ఆయన పోయాక నాకు మిగిలినవి నాలుగు గేదెలు, వాటి వెనక ఆయన నేర్పిన విద్య. గేదె కొనాలంటే ముందు నోరు తెరిచి పళ్ళు చూడాలి. ఎన్నో ఈతో అడగాలి. ఎందుకు అమ్ముతున్నావని అడిగి, వాడు చెప్పేది వినకుండా వాడి మొహం చూడాలి. కొంతమంది రాత్రి పాలు తియ్యకుండా వదిలేసి, పొద్దున్నే ఉబ్బిన పొదుగు చూపించి మోసం చేస్తారు. అందుకని మన కళ్ళెదుట ఖాళీగా పితికించాలి. ఆ తర్వాత మూడు పూటలు మన చేత్తో పితికి చూసుకోవాలి. కొన్ని గేదెలుంటాయి, యజమాని చెయ్యి తగిలితే చాలు, ధారగా చేపుతాయి, పాలన్నీ దింపేస్తాయి. కొత్త చెయ్యి పడిందా, పాలన్నీ పైకి లాక్కుని రాయిలా నిలబడతాయి. అలాంటిదాన్ని తోలుకొస్తే మేత మనది, పేడ మనది, పాలు మాత్రం దేవుడెరుగు.

ఇక బేరం ధర దగ్గరికొచ్చిందంటే చేతుల మీద తువ్వాలు కప్పి, దాని కింద వేళ్ళు పట్టుకుని చెప్పుకుంటారు, పక్కవాడికి తెలియకుండా. ఆ తువ్వాలు కింద జరిగే ఘోరాలు చూసీ చూసీ నాకు తువ్వాలంటేనే పడదు. తలస్నానం చేసి జుట్టు తుడుచుకునేవాణ్ణి చూసినా, “ఏంటి దాస్తున్నాడు వీడు?” అనిపిస్తుంది.

అనుమానం నాకు వృత్తిలోంచి వచ్చి ఒంట్లోకి దిగిపోయింది. గుళ్ళో పులిహోర పెడుతుంటే జీడిపప్పు ఎవరి ఆకులో పడుతోందో గరిటె వంకే చూస్తాను. బాపట్ల బస్సెక్కితే, బోర్డు చదవలేను కదా, కండక్టర్ని అడిగి, డ్రైవర్ని అడిగి, పక్కావిణ్ణి అడిగి, ముగ్గురూ ఒకే మాట చెబితే, “వీళ్ళు ముగ్గురూ కూడబలుక్కున్నారా?” అనుకుంటాను. అయితేనేం, అడవులదీవి నించి బాపట్ల దాకా ఎవరు గేదె కొన్నా “కోటమ్మగారు చూశారా?” అని అడిగేవాళ్ళు. నన్ను మోసం చేసినవాడు ఇంకా పుట్టలేదు. నన్ను నేను మోసం చేసుకున్నాను, అంతే.

ఇక ఫోను దగ్గరికొస్తాను.

నా దగ్గర మీటల ఫోను ఒకటుండేది, సామ్రాజ్యం వాడి ఇచ్చిందే. పేర్లు చదవలేను. అంకెలు తెలుసు గానీ వరసగా అన్ని గుర్తుండవు. దాంతో నేను రేపల్లెలో ఉన్న సామ్రాజ్యానికి చేసిన ఫోనల్లా చీరాల్లో మోగేది. అక్కడ శేషయ్యగారని బట్టల కొట్టాయన.

“సామ్రాజ్యం, నేనే.”

“అమ్మా, నేను శేషయ్యనండి. మళ్ళీ ఇటే వచ్చింది.”

“అయ్యో, మీరా? భోజనమైందా?”

“అయిందండి. మీ గేదె ఈనిందా?”

ఇలా మా ఇద్దరికీ చుట్టరికం కలిసింది. ఆయన మొహం నేను చూడలేదు గానీ ఆయన కోడలికి ఏ కూర పడదో నాకు తెలుసు. అంతా నవ్వులాటగానే ఉండేది గానీ, ఒకసారి నాకు విపరీతమైన జ్వరం వచ్చింది. లేవలేను. ఎన్నిసార్లు నొక్కినా శేషయ్యగారే. పాపం ఆయనే కంగారుపడి, “మిరియాల కషాయం పెట్టుకోండమ్మా, పక్కింటివాళ్ళని కేకెయ్యండి” అన్నాడు. కేకేద్దామంటే ఆ ఒక్క రోజే నా గొంతు పడిపోయింది. తెల్లారి పాలకొచ్చినవాళ్ళు చూసి డాక్టర్ని పిలిచారు. నెమ్మదించాక ఈ కథ సామ్రాజ్యానికి పగలబడి నవ్వుతూ చెప్పాను. అది నవ్వలేదు. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

అప్పుడన్నా నాకు తెలియాలి. తెలియలేదు.

కొన్నాళ్ళకి అది తెనాలొచ్చి, “వదినా, నేనొక పెద్ద ఫోను కొందామనుకుంటున్నాను. మీటలుండవు, అద్దం మీద వేలితో తాకితే చాలు. స్మార్టు ఫోను అంటున్నారు. చూడి గేదంత ధర ఉంది. తగునో తగదో నువ్వొచ్చి చూసి చెప్పాలి” అంది.

“నీకెందుకే అది?”

“ఉంటే మంచిది కదా.”

“ఉంటే మంచిదన్నవాడు మా ఆయన దగ్గరికొస్తే ముసలి గేదె అంటగట్టి పంపేవాడు.”

“అందుకే కదా నిన్ను రమ్మంటున్నాను. నువ్వు ఒప్పుకుంటేనే కొంటా.”

నన్నే తీసుకెళ్ళాలని ఇంత పట్టుదలేంటా అని అక్కడే నాకు మొదటి అనుమానం.

బజార్లో ఫోన్ల కొట్టు. కొట్టతను కుర్రాడే, జుట్టు నున్నగా దువ్వుకుని ఉన్నాడు. “రండి రండి పిన్నిగారూ, కూర్చోండి” అని నవ్వాడు. బేరం మొదలవకముందే నవ్వాడంటే ఏదో ఉంది. ఫోను తీసి నా చేతిలో పెట్టాడు. తిప్పి చూశాను. ముందు చూశాను, వెనక చూశాను.

“ఏవబ్బాయ్, దీనికి మీటలేవి?”

“ఉండవండి. అదే దీని గొప్ప.”

“చూశావా సామ్రాజ్యం! పళ్ళన్నీ రాలిపోయినదాన్ని తెచ్చి అదే గొప్పంటున్నాడు!”

“వదినా, నెమ్మదిగా.”

“నెమ్మదిగానే అంటున్నా.” బయట రిక్షావాళ్ళు ఆగి చూస్తున్నారు. “ఇది ఎన్నో ఈత?”

కొట్టతను సామ్రాజ్యం వంక చూశాడు. సామ్రాజ్యం, “కొత్తదా, పాతదా అని అడుగుతోంది బాబూ” అంది.

“కొత్తదండి. ఈ రకంలో ఇదే మొదటిది.”

“తొలిచూలుకి ఇంత ధరా! సరే, అంత మంచిదైతే నువ్వెందుకు అమ్ముతున్నావు? నువ్వే ఉంచుకోవచ్చుగా?”

“ఫోన్లమ్మే కొట్టండి ఇది.”

మాట దాటేశాడని మనసులో గుర్తు పెట్టుకున్నాను. “ఇంత వెలుగొస్తోందేంటి? రాత్రి కరెంటు పెట్టావా?”

“రాత్రంతా పెట్టానండి. ఫుల్ చార్జింగు.”

నేను లేచి నిలబడ్డాను. “అదీ సంగతి! రాత్రంతా పితక్కుండా ఉంచి పొద్దున్నే పొదుగు చూపిస్తున్నాడు! మా ఆయన పేరు తెలుసా నీకు? ఖాళీ చెయ్యి. నా కళ్ళెదుట, పూర్తిగా, చుక్క లేకుండా ఖాళీ చెయ్యి. ఆ తర్వాత మాట్లాడదాం.”

పాపం, చేశాడండి. ఎందుకు చేస్తున్నాడో నాకప్పుడు తెలియదు గానీ, పళ్ళు కొరుక్కుంటూ చేశాడు. పాటలు పెట్టాడు, బొమ్మలాడించాడు, దీపం వెలిగించాడు. నేను స్టూలు లాక్కుని దాని ముందే కూర్చున్నాను. కాఫీ తెప్పించాడు, తాగలేదు. అమ్మేవాడు పోసిన కాఫీ తాగితే కళ్ళు మూతలు పడతాయని మా ఆయన అనేవాడు. సామ్రాజ్యం నా కాఫీ కూడా అదే తాగింది. చీకటి పడేవేళకి ఫోను గుడ్లు తేలేసింది. అప్పుడు కరెంటు పెట్టించి, ఎవరూ మార్చకుండా దాని వెనక నా తల పిన్నుతో చిన్న గీత గీశాను. కొట్టతను “అయ్యయ్యో” అన్నాడు. గేదెకి ముద్ర వేస్తే ఎవరన్నా అయ్యయ్యో అంటారా?

వెళ్ళేముందు అలవాటు కొద్దీ ధర తెగ్గొడదామని నా పైట చెంగు వాడి చేతి మీద కప్పి, కింద వేళ్ళు పట్టుకున్నాను. వాడు కెవ్వుమన్నాడు.

“పిన్నిగారూ! వదలండి! మా ఆవిడ పైన మేడ మీదే ఉంది!”

“వేళ్ళు చూసుకోరా అబ్బాయ్, ధర చెబుతున్నాను!”

రిక్షావాళ్ళు చప్పట్లు కొట్టారు. లలితా, ఇది రాయకు. రాశావా? సరే.

ఆ రాత్రి సామ్రాజ్యం మా ఇంట్లోనే పడుకుంది. అన్నం తింటూ, “రేపు నువ్వే తాకాలి వదినా. నీ వేలితో నువ్వే తెరవాలి. నేను గానీ, అతను గానీ తెరవకూడదు” అంది. “ఎందుకు?” అంటే, “నువ్వే తెరవాలి, అంతే” అని గోడ వైపు తిరిగింది. తిరిగేముందు దాని మొహంలో ఏదో నవ్వు. నాకిది రెండో అనుమానం.

పొద్దున్నే పాలు తీసి, ఆ చేతులతోనే కొట్టుకెళ్ళాను. కొట్టతను చెయ్యి వెనక్కి పెట్టుకుని దూరంగా నిలబడ్డాడు. గీత చూసుకున్నాను, ఉంది. నా బొటనవేలు అద్దం మీద పెట్టి తాకాను. ఉలకలేదు, పలకలేదు. రుద్దాను. ఊహూ. నొక్కాను. రాయి.

“ఏంటిది?”

“మెత్తగా తాకండి పిన్నిగారూ.” వాడొచ్చి చూపుడువేలితో అలా అన్నాడో లేదో అద్దమంతా వెలిగి పక్కకి జరిగింది. నేను తాకాను. రాయి. వాడు తాకాడు. జరిగింది.

ముప్ఫై ఏళ్ళ అనుభవం ఒక్కసారి లేచి నిలబడింది. “యజమాని చేతికే చేపుతోంది! దొంగ గేదె! దొంగ గేదె!”

“కాదు వదినా, ఆగు, ఏదో అయింది. ఏదీ, నేను చూస్తా,” అని సామ్రాజ్యం వేలు పెట్టింది. ఫోను దానికి గలగలా చేపింది.

నేను సామ్రాజ్యాన్ని చూశాను. ఫోన్ని చూశాను. కొట్టతన్ని చూశాను.

“నాకు చేపనిది నీకెలా చేపిందే?”

“నాకేం తెలుసు వదినా?”

“మచ్చికైన చేతికే చేపుతుంది. నువ్వింతకు ముందు దీన్ని పట్టుకున్నావా?”

“లేదు” అంది సామ్రాజ్యం, నేల చూస్తూ. అదే క్షణంలో కొట్టతను నా కోపం చల్లార్చుదామని, “అమ్మగారు మొన్నొచ్చినప్పుడు కూడా బాగానే పనిచేసిందండి” అన్నాడు.

అంతే. మొన్నొచ్చింది! నాతో చెప్పకుండా వచ్చింది! నా కళ్ళ ముందు తువ్వాలు, దాని కింద రెండు చేతులు కనిపించాయి. నేను వీధిలోకొచ్చాను. నా గొంతు గురించి ముందే చెప్పాను కదా. బజారు ఆ చివర నించి ఈ చివర దాకా వినపడేట్టు అరిచాను: “చూడండమ్మా! నా మొగుడి తోడబుట్టింది! కొట్టువాడితో కుమ్మక్కై నాకే దళారీ చేస్తోంది! దొంగ గేదెని నా చేత మంచిదనిపించడానికి తీసుకొచ్చింది!”

సామ్రాజ్యం కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని స్టేషను వైపు నడిచింది. నేను వెనకే, ఆగకుండా, స్టేషను దాకా. ఆ తర్వాత మాటలు మీరు మొదట్లోనే విన్నారు.

గెలిచాననుకున్నానండి. నాలుగు రోజులు అందరికీ చెప్పుకున్నాను. అయిదో రోజుకి చెప్పడానికి ఎవరూ లేరు. నేనెవరితో చెప్పుకుంటాను రోజూ? సామ్రాజ్యంతోనే కదా! మా ఆయన పోయినప్పుడు నా పక్కన చాప మీద నెలరోజులు పడుకున్న మనిషి అది. ఫోను తీసి నొక్కితే శేషయ్యగారొచ్చేవాడు. “మీ ఆడపడుచు గారు కులాసాయేనాండి?” అని అడిగితే, “కులాసాయే” అని అబద్ధం చెప్పి పెట్టేసేదాన్ని.

నిన్న లలిత ఒక పెట్టె తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. “అమ్మ బీరువాలో పెట్టి తాళమేసింది అత్తయ్యా. చూడలేక నేనే తెచ్చేశాను.”

అదే ఫోను. వెనక నేను గీసిన గీత.

“కొన్నదా ఆఖరికి?”

“ఆఖరికి కాదు. నువ్వు కొట్టుకి వెళ్ళకముందే కొనేసింది. నీ కోసం. ఊరికే ఇస్తే నువ్వు అనుమానపడతావు, పరీక్షించి ఒప్పుకోని వస్తువు నీ గుమ్మంలోకి రానివ్వవని, కొట్టతన్ని బతిమాలి ఆ నాటకమంతా ఆడించింది. అంతకు ముందు ఒక్కతే ఆ కొట్టుకెళ్ళిందీ అందుకే, ఇందులో బొమ్మలు పెట్టించడానికి.”

“ఏం బొమ్మలు?”

లలిత తన వేలితో తెరిచింది. ముందు మా ఆయన, పక్కన ఆయన ప్రాణంగా పెంచిన గౌరి గేదె. ఆ రోజు కొట్లో ఎవరి వేలికి చేపుతోందా అనే చూశాను గానీ, లోపలేముందో చూడనే లేదు. ఇంకోసారి జరిపితే వరసగా మొహాలు. సామ్రాజ్యం మొహం, లలిత మొహం, మా పశువుల డాక్టరుగారి మొహం. మొహం మీద తాకితే చాలు, ఫోను వాళ్ళకే పోతుందట. అక్షరం రాకపోయినా, అంకె గుర్తులేకపోయినా, జ్వరం వచ్చి గొంతు పడిపోయినా. ఆ చివర ఒక చీర బొమ్మ ఉంది.

“ఇదెవరే?”

“శేషయ్యగారు. ఆయన ఫొటో దొరకలేదు. ఎలాగూ ఆయనకి చేస్తావు కదా అని అమ్మ చీర పెట్టించింది.”

నువ్వే తెరవాలి, నువ్వే తెరవాలి అని అది ఎందుకన్నదో నాకప్పుడు తెలిసింది. నేను తెరవగానే నా మొహం చూద్దామని పక్కన నిలబడిందండి. నేను దాన్ని దళారీ అన్నాను.

“మరి నా చేతికి ఎందుకు చేపలేదు?”

లలిత నా చెయ్యి తీసుకుని తిప్పి చూసింది. ముప్ఫై ఏళ్ళు పాలు పితికిన చెయ్యి. వేళ్ళన్నీ కాయలు కాసి చెప్పు అడుగుల్లా ఉన్నాయి. “ఈ ఫోనుకి మెత్తటి చర్మమే తెలుస్తుంది అత్తయ్యా. ఈ కాయల్లోంచి దానికి నువ్వున్నట్టే తెలియదు.”

అంటే దొంగ గేదె కాదు. నా చెయ్యే గిట్టలా ఉంది.

“తే. మీ అమ్మకి చేస్తాను.”

“నేను నొక్కిస్తాను.”

“వద్దు. నా అంతట నేనే చెయ్యాలి.”

బొటనవేలు, రాయి. చూపుడువేలు, రాయి. మోచేత్తో తాకితే డాక్టరుగారికి పోయింది. “గేదెకేమైంది?” అంటే, “గేదె బాగానే ఉందండి, మనిషికే బాగాలేదు” అన్నాను. గడ్డంతో తాకితే శేషయ్యగారు. ఆఖరికి ఒంట్లో మెత్తగా మిగిలింది ముక్కొకటే. ఫోన్ని నేల మీద పెట్టి, మోకాళ్ళ మీద వంగి, సామ్రాజ్యం మొహం మీద నా ముక్కు ఆనించి రాశాను. వెంటనే పోయింది!

లలిత కింద పడి దొర్లి దొర్లి నవ్వింది. నవ్వుకోండి, మీరూ నవ్వుకోండి. తప్పు చేసినవాళ్ళ చేత ముక్కు నేలకి రాయించేవాళ్ళట వెనకటికి. నా ఆడపడుచు అంత ఖరీదు పెట్టి కొన్న ఫోను మొదటి రోజే నా చేత అదే చేయించింది. తగునా, తగదా అని అడిగారు కదా? తగును. ప్రతి పైసాకీ తగును.

కానీ అది ఎత్తలేదండి. రాత్రి పడుకునే దాకా ముక్కు రాస్తూనే ఉన్నాను. ముక్కు ఎర్రబడింది గానీ అది ఎత్తలేదు.

అప్పుడు లలితే అంది, “అమ్మ ఫోను ఎత్తదు గానీ వారపత్రిక మాత్రం వదలదు అత్తయ్యా. వెనక నవ్వుల పేజీ ముందు చదువుతుంది. దాంట్లో రాద్దాం” అని. బాగానే ఉందనిపించింది. తిట్టింది బజారు మధ్యలో. క్షమించమనడం ఇంట్లో మూల కూర్చుని అంటే ఏం బాగుంటుంది?

అందుకని అందరూ వినండి. పైన ఉన్న మా ఆయన సాక్షిగా, కొట్టంలో నెమరేస్తున్న గౌరి కూతురు సాక్షిగా, ఎర్రబడిన నా ముక్కు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నా చేతికి చేపకపోతే ముందు నా చెయ్యి చూసుకుంటాను. ఫోన్ల కొట్టువాడి చెయ్యి మళ్ళీ పట్టుకోను. ఈ జన్మలో ఇంకెవ్వరినీ, ఎప్పుడూ, దేనికీ అనుమానించను. ఇదే నా మాట.

రాశావా లలితా? ఏదీ, ఇటు చూపించు. చూపిస్తే మాత్రం నాకేం తెలుస్తుందిలే. నేను చెప్పిందే రాశావా, మీ అమ్మ తరఫున ఏమన్నా కలిపావా? ఎందుకలా నవ్వుతున్నావు?

ఆగు. ఆ దగ్గు నీది కాదు.

నీ పక్కన మంచం మీద ఆ తువ్వాలేంటి? దాని కింద వెలుగుతున్నదేంటి? నీ ఫోనేనా? ఎప్పట్నించి మోగకుండా అలా వెలుగుతోంది? రేపల్లెలో ముక్కు చీదితే తెనాల్లో ఇంత దగ్గరగా ఎందుకు వినిపిస్తోందే?

సరే. తియ్యకు, ఉండనీ. సామ్రాజ్యం, నువ్విప్పుడేం మాట్లాడకు. ముందు ఇది నేను చెప్పిందేనో కాదో తేలాలి. చదువు లలితా, మొదటి మాట నించీ, గట్టిగా, ఆ తువ్వాలు కిందకి కూడా వినపడేట్టు. ఇప్పుడొకసారి, సాయంత్రమొకసారి, రేపు పొద్దున్నే ఒకసారి. మూడు పూటలూ వింటేగానీ నేను ఒప్పుకోను. ఊఁ, చదువు.